ఆటకింత, ఏడాదికింత

2025 వైశాఖ మాసం, ఒక సాయంకాలం. పర్చూరుకు, చిలకలూరిపేటకు నడుమ నల్లరేగడి చేల మధ్యనున్న ఒక గ్రామం. వసారాలో నులక మంచంపై కూర్చున్న తండ్రి, పొలం ఆసామి పంపిన కబురును మననం చేసుకొంటున్నాడు. మూడెకరాల కౌలు ఎప్పటివలెనే ఎకరాకు ముప్పయి వేలు. కాని ఈసారి సగం ముందుగా చెల్లించాలట. అదే వసారాలో గోడకు ఆనుకొని కూర్చున్న కుమారుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవుపై వచ్చినవాడు, ల్యాప్‌టాప్‌ను టప్పున మూసి, "దోపిడీ! పచ్చి దోపిడీ!" అన్నాడు.

తండ్రి ఉలిక్కిపడ్డాడు. ఆ క్షణాన ఆయన మనస్సులో మెదలుతున్న మాట కూడ అదే.

కుమారుని ఆగ్రహానికి కారణం కౌలు కాదు, పిన్‌బాల్ అనే ఆట. ఎరుగనివారి కొరకు రెండు మాటలు. ఏటవాలుగా అమర్చిన బల్ల. స్ప్రింగు కడ్డీని లాగి వదిలితే ఉక్కు బంతి పైకెగసి, అడ్డుకట్టలకు, గంటలకు తగులుతూ క్రిందికి దొర్లుతుంది. అడుగున రెండు రెక్కలుంటాయి. బొత్తాములు నొక్కి వాటితో బంతిని మరల పైకి కొట్టాలి. ఆటగాడు ఎంతటి నిపుణుడైనా బంతి చివరకు ఆ రెక్కల నడిమి సందులోనికి జారిపోవలసినదే. ఈ ఆటలో గెలుపు అనేది లేదు. పతనాన్ని ఎంతసేపు వాయిదా వేయగలిగాడన్నదే లెక్క. వేదాంతం చదివినవారికి ఈ బల్ల ఎక్కడో చూసినట్లే తోస్తుంది.

అతడు ఆడుతున్నది కంప్యూటరులోని బల్లపై. మునుపు ఒక్కసారి సొమ్ము చెల్లించి బల్లను కొనుక్కొంటే ఎన్ని ఆటలైనా ఆడుకోవచ్చు. కార్తీక మాసంలో ఆ పద్ధతి మారి, ఆటకొక నాణెం చొప్పున వసూలు మొదలైంది. అవి రూపాయలు కావు; ఆ ఆట లోపల మాత్రమే చెల్లే నాణేలు. రూపాయలిచ్చి వాటిని కట్టలుగా కొనుక్కోవాలి. మూడు బంతులు జారితే ఒక నాణెం పోయినట్లు.

"ఆటకు డబ్బా?" అన్నాడు తండ్రి. కంఠస్వరం మారింది. "ఒరే అబ్బాయ్, నువ్వు కూడానా?"

ఆ 'కూడా' వెనుక ఒక కథ ఉన్నది. కుమారునికి పెదనాన్న కొడుకు ఒకడు, ఎరువుల దుకాణంలో కట్టవలసిన సొమ్మును ఫోనులో రమ్మీ ఆడి పోగొట్టుకొని, ఇంట్లో చెప్పలేక నాలుగు నెలలు దాచాడు. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే అట్టి ఆటలను 2020లోనే నిషేధించినా, నిషేధం తెలిసినవాడికి దానిని దాటే మార్గం కూడ తెలిసింది. తల్లి మెడలోని గొలుసు చిలకలూరిపేటలో కుదువకు పోయాక గాని సంగతి బయటపడలేదు.

"అది కాదు నాన్నా," అన్నాడు కుమారుడు. "ఇందులో పందెం లేదు. గెలిస్తే పైసా రాదు."

"రాకపోతే మరీ అన్యాయం కదరా. వాడికి వస్తుందన్న ఆశైనా ఉంది. నీకేముంది?"

కుమారునికి సమాధానం తోచలేదు. నిజానికి ఈ ప్రశ్న న్యాయస్థానాలను కూడ వేధించినదే. 1967 నవంబరులో, సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన వ్యాజ్యంలో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆటకు చోటు, సౌకర్యాలు కల్పించి మితమైన రుసుము తీసుకొన్నంత మాత్రాన అది జూదగృహం కాదని కూడ చెప్పింది. అర్ధశతాబ్దం పాటు ఆ తీర్పు నీడలోనే చర్చ నడిచింది. పిన్‌బాల్ కూడ అట్టి పరీక్షకు గురైనదే. 1931లో అమెరికాలో గాట్లీబ్ సంస్థ చేసిన బాఫిల్ బాల్ అనే బల్ల ఒక సెంటు నాణెం వేస్తేనే బంతులను విడిచేది. రెక్కలు 1947 వరకు రాలేదు. అంతవరకు బంతి గతి దాదాపు దైవాధీనం. న్యూయార్క్ నగరం 1942లో దీనిని జూదమని నిషేధించింది. మేయర్ లాగ్వార్డియా సుత్తి పట్టి బల్లలను పగులగొట్టించాడు. 1976లో రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగరపాలక సభ్యుల ఎదుట, బంతి ఏ దారిన పోగలదో ముందుగా చెప్పి ఆ దారినే పంపి చూపాక నిషేధం తొలగింది. ఆ ఒక్క దెబ్బలో తన నేర్పు కంటె అదృష్టమే ఎక్కువని ఆయన తరువాత ఒప్పుకొన్నాడట. పురుషకారమా, దైవమా అన్న పురాతన వివాదం న్యూయార్క్ సభామందిరంలో అట్లా పరిష్కృతమైంది!

కాబట్టి ఆటకొక నాణెం అనేది ఈ క్రీడకు అపూర్వం కాదు, దాని జన్మలక్షణం. మరి ఇప్పుడు ఆటగాళ్ళకు ఇంత కోపం ఎందుకు?

కుమారుడు పదమూడేళ్ళ వయస్సులో, 2004 ప్రాంతంలో, చిలకలూరిపేటలోని ఒక ఇంటర్నెట్ సెంటరులో ఈ ఆటను మొదట చూశాడు. విండోస్ ఎక్స్‌పీతో పాటు ఉచితంగా వచ్చిన స్పేస్ క్యాడెట్ అనే బల్ల అది. ఆట ఉచితమే, కుర్చీ కాదు. గంటకు పదిహేను రూపాయలు. ట్యూషను నోట్సు కొరకు ఇచ్చిన డబ్బుతో కూర్చునేవాడు. సమయం ముగియగానే యజమాని వచ్చి భుజం తట్టేవాడు. బంతి గాలిలో ఉండగానే లేచి బస్సుకు పరుగెత్తేవాడు. ఆ పదిహేను రూపాయలు పోయాయని ఏనాడూ ఏడవలేదు. ఆట మధ్యలో గడియారం చూసిన జ్ఞాపకం కూడ లేదు.

పెద్దవాడై సొంత కంప్యూటరులో బల్లలను కొనుక్కోవడం మొదలుపెట్టాడు. కొనుక్కొన్నవి తనవే అనుకొన్నాడు. 2018లో ది పిన్‌బాల్ ఆర్కేడ్ అనే ఆట, విలియమ్స్, బాలీ సంస్థల పాత బల్లలను అమ్మే హక్కును కోల్పోయింది. అంతకుముందు కొన్నవారికి అవి నిలిచాయి గాని కొత్తవారికి దొరకలేదు. 2017లో వచ్చిన పిన్‌బాల్ ఎఫ్ఎక్స్ 3లో కొన్న బల్లలు, 2023లో పూర్తిరూపంలో వెలువడిన పిన్‌బాల్ ఎఫ్ఎక్స్‌లోనికి రాలేదు. కావాలంటే మళ్ళీ కొనాలి, లేదా చందా కట్టి ఆ చందా ఉన్నన్నాళ్ళు ఆడుకోవాలి. ఇట్టి మార్పు వచ్చిన ప్రతిసారీ ఆటగాళ్ళలో వినిపించే మాటలు దాదాపు ఒక్కటే. ఒకనికి తన సొత్తు పోయిందన్న బాధ. మరొకడు, చిన్ననాడు నాణేలు వేసి ఆడినవాడు, ఇందులో వింతేమున్నదంటాడు. ఏడాదికి నాలుగుసార్లు ఆడేవానికి ఇదే చవక అని కూడ అంటాడు, అది అబద్ధమూ కాదు. కాని ఎక్కువమంది చెప్పే మాట సూక్ష్మమైనది: డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు, అయినా ఆటలో ఉన్న హాయి పోయింది.

ఈ మూడవ మాట దగ్గర ఆగవలసి ఉన్నది.

సృష్టికి ప్రయోజనమేమి అన్న ఆక్షేపం బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో వస్తుంది. ఏ లోటూ లేని ఈశ్వరుడు దేనిని ఆశించి లోకాన్ని సృజించాడు? దానికి సూత్రకారుడిచ్చిన సమాధానం లీల. శంకర భగవత్పాదులు అక్కడ చూపిన ఉపమానం లోకం నుండి తెచ్చినదే: కోరికలన్నీ తీరిన రాజు, లేదా ఆతని మంత్రి, వేరే ప్రయోజనమేదీ లేకుండ విహారంలో ప్రవర్తించినట్లు, ఉచ్ఛ్వాస నిశ్వాసాలు ఏ ఉద్దేశమూ లేకుండ స్వభావం చేతనే సాగినట్లు. ఈ లక్షణంతో చూస్తే కుమారుని అనుభవం విశదమవుతుంది. బంతి జారినపుడు మునుపు నవ్వేవాడు. నాణెం వచ్చాక, జారినపుడు మూల్యం గుర్తుకు వచ్చింది. ఇచ్చినదానికి సరిపడ రాబట్టుకోవాలన్న తపన ప్రవేశించింది. ఆటగాడు ఋణదాతగా మారాడు. బల్ల అతనికి బాకీ పడింది. ఫలాపేక్ష అడుగు పెట్టిన చోట క్రీడ కర్మగా మారిపోయింది.

అయితే ఈ వాదం ఇక్కడితో ఆగితే అర్ధసత్యమే. ఇంటర్నెట్ సెంటరులో కూడ మూల్యమున్నది కదా! అక్కడ అది లీలను ఎందుకు చెరచలేదు?

ఈ చిక్కును విప్పడానికి కౌటిల్యుడు కొంత తోడ్పడతాడు. అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ద్యూతాధ్యక్షుడనే ఉద్యోగి కనిపిస్తాడు. జూదం ఒకే చోట, అతని కన్నుల ఎదుటనే జరగాలి. సరియైన పాచికలు, గవ్వలు అతడే సమకూర్చాలి; వాటిని మార్చి మోసగించినవానికి దండన. గెలిచిన సొమ్ములో నూటికి అయిదు వంతులు, ఆట సామగ్రికి అద్దె, నీటికి, నేలకు రుసుము అతడు వసూలు చేస్తాడు. రెండు వేల ఏళ్ళ క్రిందటనే ఆటకింత అన్న ధర ఉన్నదన్నమాట. మనువు ద్యూతాన్ని రాజ్యంలోనే ఉండనీయరాదన్నాడు. కౌటిల్యుని దారి వేరు. ధర్మదృష్టిలో మనువుదే పైచేయి అనిపించినా, కౌటిల్యుని ఏర్పాటులో ఒక గుణమున్నది: చెల్లించేది ఏమిటో, ఎంతో, ఎవరికో చెల్లించేవానికి కనబడుతుంది. పదిహేను రూపాయలు అట్లా కనబడేవి. జేబులో నుండి బయటకు తీయవలసి వచ్చేది, అయిపోతే లేవవలసి వచ్చేది. ఆట లోపలి నాణెం రూపాయి ముఖాన్ని కప్పివేస్తుంది. కట్టలో ఎన్ని మిగిలాయో తెలుస్తుంది గాని ఎంత పోయిందో తెలియదు. భుజం తట్టేవాడు ఎవడూ లేడు. పైగా కట్ట అయిపోయిన చోటనే 'మరొక్క ఆట' అన్న పిలుపు. ధర్మరాజు మొదటి ద్యూతంలో పోగొట్టుకొన్నదంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చివేశాడు. అరణ్యవాసం తెచ్చినది రెండవ పిలుపు.

ఆ సాయంకాలం వసారాలో ఇంత శాస్త్రచర్చ జరగలేదు. జరిగినది వేరు. కౌలు సంగతి విని కుమారుడు, "ఈ ఏడు మానెయ్ నాన్నా. అరవై ఆరేళ్ళొచ్చాయి. నెలనెలా నేను పంపిస్తాగా," అన్నాడు.

"పంపించు. కాదన్నానా? సేద్యం సేద్యమే."

"అది సేద్యం కాదు, జూదం. ప్రతి ఏడూ డబ్బు కట్టి ఆడతావు. పదకొండు నెలలు అయ్యాక ఏం మిగిలింది నీకు?"

పదకొండు నెలలు అన్నది నోటికి వచ్చిన మాట కాదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు ఒప్పందం గడువు పదకొండు నెలలు. ఆ తరువాత కాగితం చెల్లదు. చందా ముగిసిన బల్ల వలె, నేల మళ్ళీ పరాయిది. తండ్రి వద్ద అట్టి కాగితం కూడ లేదు. ఆసామి సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు.

ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తం ఒక జూదరి విలాపం. భార్య దూరమైంది, అత్త ద్వేషిస్తున్నది, అప్పులవాళ్ళకు భయపడి రాత్రివేళ పరుల ఇండ్లకు పోతున్నాడు. తానికాయలతో చేసిన ఆ పాచికలు చల్లగానే ఉండి గుండెను కాలుస్తాయి. చివరకు అతనికి లభించిన ఉపదేశం: పాచికలు మాని పొలం దున్నుకో. గుంటూరు, ప్రకాశం మెట్టభూములలో ఈ ఉపదేశం వింటే రైతు నవ్వుతాడు. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినపుడు ఈ ప్రాంతంలో పలువురు రైతులు, పురుగుపై చల్లవలసిన మందునే తాగి ప్రాణాలు విడిచారు. తండ్రికి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ప్రక్క చేనివాని పాడెను మోశాడు. తరువాత పత్తి విడిచి మిరపకు వచ్చాడు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతనే తినివేసింది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలుగా నిర్ణయించవలసి వచ్చింది. జూదరిని పొలానికి పంపిన ఋషికి, పొలమే పాచికల పలక కాగలదని తోచి ఉండదు.

జీవితం ఒక ఆట, ఆడి నవ్వుకొని పోవాలి అని సత్సంగాలలో తరచు వినబడుతుంది. మాట మంచిదే, కాని లీలకు అధికారి ఎవరో భాష్యం స్పష్టంగా చెప్పింది: కోరికలు తీరినవాడు. కౌలుకు సగం ముందుగా కట్టవలసినవానికి ఆ ఉపదేశం చేయడం క్రూరం. కుమారుడు ఆ పని కూడ చేశాడు. "రోజూ గీత చదువుతావు కదా, ఫలం మీద ఆశ వద్దని. మరి ఈ పంట మీద ఆశేమిటి?" అన్నాడు.

తండ్రి కొంతసేపు పలుకలేదు. "కర్మ మీద అధికారం ఉందన్నాడు గాని, కౌలు మాఫీ అనలేదురా కృష్ణుడు," అని లేచి లోపలికి పోయాడు.

కొపంతోనే పోయాడనుకొన్నాడు కుమారుడు. ఆయన తిరిగి వచ్చినపుడు చేతిలో అట్ట చిరిగిన లెక్కల పుస్తకమున్నది. "నన్ను జూదరి అన్నావు. లెక్క చూద్దాం. నీది ముందు."

వనపర్వంలోని నలోపాఖ్యానం ఇక్కడ స్మరణీయం. జూదంలో రాజ్యం పోగొట్టుకొని, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణునికి సారథియైన నలుడు విదర్భకు రథం తోలుతున్నాడు. దారిలో ఒక తానిచెట్టు కనబడితే, దాని ఆకులెన్నో కాయలెన్నో ఋతుపర్ణుడు ఒక్క చూపున చెప్పాడు. నలుడు నమ్మలేదు. ఆలస్యమవుతుందని రాజు వారించినా రథం నిలిపి, చెట్టును కూల్చి లెక్కపెట్టి చూశాడు, సరిపోయింది. అశ్వహృదయానికి బదులుగా రాజు నుండి అక్షహృదయాన్ని గ్రహించాడు. ఆ విద్య అబ్బిన క్షణాననే అతని దేహంలో దాగియున్న కలి బయటకు వచ్చి, ఆ తానిచెట్టులో దూరాడు. నలుని విడిపించినది ఆట మానుకోవడం కాదు, సంఖ్య తెలియడం. ఈ కథను బృహదశ్వ మహర్షి చెప్పినది ఎవరికి? జూదంలో ఓడి అడవిలో కూర్చున్న ధర్మరాజుకే. చెప్పి ఊరకుండక, ఆ అక్షహృదయాన్ని ఆయనకు ఉపదేశించాడు కూడ.

కుమారుడు బ్యాంకు ఖాతా తెరిచాడు. కార్తీకం నుండి వైశాఖం వరకు నాణేల కట్టలు పద్నాలుగు. ఒక్కొక్కటి 799 రూపాయలు. మొత్తం 11,186. అంతకు ముందు మూడేళ్ళలో బల్లలన్నీ కొనడానికి అయినది 6,200. అతడు రెండుసార్లు కూడాడు. మూడు వేలు దాటి ఉండదనే అంతవరకు అతని నమ్మకం.

తరువాత తండ్రి పుస్తకం. కుమారుడు చదువుతుండగా ఆయన కండ్లు మూసుకొని విన్నాడు. 2020-21లో మిగిలినది 90,000. నల్ల తామర ఏడు పోయినది 1,83,000. ఆ మరుసటి ఏడు ధర కలిసివచ్చి 3,40,000 మిగులు. ఆ ఏటి అంకె చెప్పకముందే తండ్రి ముఖం వికసించింది. తరువాత 60,000. ఈ ఏడు అరవై క్వింటాళ్ళు పదకొండు వేల చొప్పున అమ్మితే 6,60,000. కౌలుతో కలిపి ఖర్చు 6,90,000. అయిదేళ్ళ మిగులు 2,77,000. అదే అయిదేళ్ళలో ఆసామికి కట్టిన కౌలు 4,50,000.

ఇద్దరూ మౌనంగా ఉండిపోయారు. తండ్రి జ్ఞాపకంలో ఆ అయిదేళ్ళు ఒక్క మంచి ఏడుగానే ఉన్నాయి. పిన్‌బాల్ ఆడేవానికి కూడ అంతే. జారిన బంతులు గుర్తుండవు, ఎక్కువసేపు నిలిచిన ఒక్క బంతి నెలల తరబడి గుర్తుంటుంది.

"నష్టమేం లేదుగా, మిగులే," అన్నాడు తండ్రి చివరకు, అంత నమ్మకంగా కాదు.

ఆ వేసవి గడిచాక, ఆగస్టులో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. పందెం లేని ఆటకు వసూలు చేసే రుసుము ఆ నిషేధం పరిధిలోనికి రాదు. కౌలు సంగతి చెప్పనే అక్కరలేదు. పెదనాన్న కొడుకు ఇప్పుడు యార్డులో కాటా దగ్గర పనిచేస్తున్నాడు. గొలుసు ఇంకా విడిపించలేదు.

ఆ రాత్రి దీపం వెలిగించడానికి తల్లి వసారాలోనికి వచ్చింది. అంతవరకు గడప లోపల కూర్చుని అంకెలన్నీ వింటూనే ఉన్నది.

"అన్నీ చదివావు గదా," అన్నది కొడుకుతో. "నారు పోసిన దగ్గర నుంచి కళ్ళంలో కాయ ఏరేదాకా నేనూ మీ నాన్నా చేసిన పని ఏ వరసలో రాశారో అది కూడ చదువు."

కుమారుడు పుటలు తిరగేశాడు. విత్తనం, ఎరువు, మందులు, కోత కూలీలు, గోతాలు, యార్డుకు బాడుగ. ఆ వరస ఎక్కడా లేదు.

తండ్రి పుస్తకాన్ని తీసుకొని ఖాళీ పుట తెరిచి, చెవి మీది కలాన్ని చేతిలోనికి తీసుకొన్నాడు.

"రోజుకెంత వెయ్యమంటావు?" అన్నాడు.

"కోతలకొచ్చిన ఆడవాళ్ళకి ఎంతిచ్చావో అంతే వెయ్యి," అన్నది ఆమె, వత్తిని ఎగదోస్తూ.